ఓడినవాడి పసుపు

మా తమ్ముడు సన్యాసి ఎవరినీ నమ్మడు. టీ కొట్టులో టీ పోస్తే ముందు వాసన చూస్తాడు. పెట్రోలు పోయించుకుంటే మీటరు ముందు నిలబడి రెప్ప వెయ్యడు. పెళ్ళికి వెళితే పెళ్ళికొడుకును వదిలేసి, వెనకాల నిలబడ్డవాళ్ళను ఒక్కొక్కరినీ చూస్తాడు. ముప్పై ఏళ్ళకు పైగా పోలీసు కానిస్టేబులుగా చేసి కానిస్టేబులుగానే రిటైరయ్యాడు. మలాయ్ భాషలో పోలీసును మాతా-మాతా అంటారు గదా, బాగన్ దాతుక్ చుట్టుపక్కల తోటల్లో తెలుగువాళ్ళందరికీ వాడు మాతా సన్యాసి. పక్కన లేనప్పుడు ఇంకా ఏమేమో అంటారు, అవి రాయను.

ఎవరినీ నమ్మని ఈ మనిషికి ఊరంతా తనను నమ్మాలని కోరిక. ఆ కోరికతోనే ఎన్నికల్లో నిలబడడం మొదలుపెట్టాడు.

యూనిఫాం విప్పిన ఏడే మనవరాలు చదివే బడిలో తల్లిదండ్రుల సంఘానికి నిలబడి ఓడిపోయాడు. తరువాత తెలుగు సంఘం శాఖలో కార్యదర్శి పదవికి నిలబడి ఓడిపోయాడు. పోటీలో ఇద్దరే ఉన్నారు కాబట్టి రెండో స్థానం వచ్చిందని వాడి పెళ్ళాం దాలమ్మ అందరికీ చెప్పి నవ్వేది. ఆ తరువాత మా మరిడమ్మ గుడి కమిటీ మీద పడ్డాడు. దాని అధ్యక్షుణ్ణి ఇక్కడ తమిళంలో తలైవర్ అంటారు. రెండేళ్ళకోసారి జాతర ముగిశాక తలైవర్ ఎన్నిక జరుగుతుంది, జరిగినప్పుడల్లా మా వాడు ఓడిపోయేవాడు.

ఓడిపోక ఏం చేస్తాడు? వాడు ఓటు అడిగే తీరు అట్లాంటిది. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, "శనివారం మీ వాకిట్లో కిశోర్‌కుమార్ లారీ ఎందుకాగింది?" అని పోటీవాడి పేరెత్తి మొదలుపెట్టేవాడు. ఆ ఇంటివాళ్ళకు తడబాటు వచ్చేది. తడబడితే వీడికి అనుమానం వచ్చేది. చివరికి "నీకే ఏస్తాంలే సన్యాసీ" అని దండం పెట్టి పంపేవాళ్ళు. పోలీసుకు వాంగ్మూలం ఇచ్చినవాడు ఓటు కూడా ఇస్తాడా?

నేను వాడికి అప్పను. కూర్మమ్మ నా పేరు. అమ్మ తోట పనికి పోతే వాణ్ణి చంకనేసుకుని తిరిగిందాన్ని. వాణ్ణి ఇంత మాట అనే హక్కు నాకుంది, ఇంకెవరైనా అంటే ఊరుకోను.

వాడి ఎన్నికల పిచ్చికి మూలం ఒక పాత సంగతి. అప్పటికి వాడికి ఉద్యోగం కొత్త. మా తోటలో పైడయ్య మావ కొబ్బరి ఎండబెట్టే కొట్టు వెనక దొంగచాటుగా సారా కాచేవాడు. ఇక్కడ దాన్ని సంసు అంటారు. తోటలో సగం మందికి ఆ సంగతి తెలుసు, మిగతా సగానికి దాని రుచి కూడా తెలుసు. ఒక ఆదివారం మావ ఇంట్లో చిన్నపిల్లకు చెవులు కుట్టించారు. మా వాడు సెలవులో ఉండి, వెళ్ళి, కడుపునిండా తిని వచ్చాడు. మర్నాడు పొద్దున్నే రెండు జీపుల్లో పోలీసులు దిగారు. వెనక జీపులో మా వాడూ ఉన్నాడు. మావకు సంకెళ్ళు వేసి తీసుకుపోతుంటే వీడు తల వంచుకుని నిలబడ్డాడు. మావకు జైలు పడింది. ఆ బెంగతో మావ భార్య మంచం పట్టింది, ఆయన తిరిగొచ్చేసరికి ఆమె లేదు.

పోలీసులకు ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు. తోట మాత్రం మా వాడి వైపే వేలు చూపించింది. తిన్న ఇంటికి ద్రోహం చేశాడన్నారు. ఆ సాయంత్రం వాడు మా ఇంటికొచ్చి, నేను నోరు తెరవకముందే దేవుడి గూట్లోంచి కర్పూరం తీసి, పళ్ళెంలో వెలిగించి, అరచేత్తో కొట్టి ఆర్పాడు. మాలో అంతకు మించిన ప్రమాణం లేదు.

"అప్పా, నాను సెప్పనేదు" అన్నాడు. చెయ్యి కాలి ఎర్రబడింది.

"నిన్నెవుడడిగినాడురా? సెయ్యి కడుక్కో. అన్నం తిందువుగాని" అన్నాను.

నేను అడగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు నుంచి వాడు వస్తే మాటలు ఆగిపోయేవి. టీ కొట్టులో బల్ల ఖాళీ అయిపోయేది. పైడయ్య మావ వీడు ఎదురైతే కాలువ దాటి అవతలి గట్టున నడిచేవాడు. ఉద్యోగం ఉన్నంతకాలం వాడు దాన్ని మింగాడు. రిటైరయ్యాక మింగలేకపోయాడు. పదవి కావాలని కాదు, ఊళ్ళోవాళ్ళు తమ చేత్తో తనకొక ఓటు వేసి 'నువ్వు చెప్పలేదు' అనాలి, అంతే. ఈ మాట వాడు నాతో ఒక్కసారే అన్నాడు, మళ్ళీ అనలేదు.

ఇక మా గుడిలో ఓటు వేసే పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే వాడి గోల అర్థం కాదు. మా ముత్తాతలు తోటలో కూలికొచ్చిన రోజుల్లో చాలామందికి చదువు లేదు, అందుకని కాగితాలు పెట్టుకోలేదు. ఇంటికొక పసుపు కొమ్ము, పచ్చిదైనా సరే, ఎండుదైనా సరే. తెర వెనక మూత పెట్టిన ఇత్తడి బిందెలు ఉంటాయి, పోటీలో ఉన్నవాడికి ఒక్కొక్కటి. ఇంటి పెద్ద లోపలికెళ్ళి తనకు నచ్చిన బిందెలో కొమ్ము జారవిడిచి రావాలి. లెక్క తేలాక గెలిచినవాడి పసుపంతా అక్కడికక్కడే రోట్లో వేసి దంచి అమ్మవారికి పూస్తారు. ఓడినవాడి పసుపు ఓడినవాడే మూట కట్టుకుని ఇంటికి పట్టుకుపోవాలి. అదయ్యేదాకా వాళ్ళ కూరల్లోకి అదే పసుపు. ప్రభుత్వానికి పంపే కాగితాల్లో మాత్రం రహస్య ఓటింగు అని రాస్తారు, అందులో అబద్ధమేమీ లేదు.

ఈ రోజుల్లో పెరట్లో పసుపు ఎవరు వేస్తున్నారు? అందరూ టౌనులో కొంటారు, ఎండిపోయి, నున్నగా, అన్నీ ఒకే మాదిరి ఉంటాయి. ఇంకా వేసే ఇళ్ళు రెండే. ఒకటి మాది. మా నేలకు ఉప్పు ఎక్కువ, కొమ్ము సన్నగా వంకర్లు పోతుంది, విరిస్తే లోపల వెలవెలబోతూ ఉంటుంది. రెండోది కాలువ అవతల పైడయ్య మావ ఇల్లు. వాళ్ళ పెరట్లో ఏళ్ళ తరబడి కొబ్బరి చిప్పల బూడిద పడింది. వాళ్ళ కొమ్ము బొటనవేలంత లావుంటుంది, గోటితో గీస్తే కారెట్టు రంగులో ఉంటుంది. తోటలో ఎవరైనా కళ్ళు మూసుకుని వాసనతో చెప్పేయగలరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండేళ్ళ క్రితం ఎన్నిక. అప్పటి తలైవర్ కిశోర్‌కుమారే మళ్ళీ నిలబడ్డాడు. పామాయిలు గెలల లారీలు తిప్పే కాంట్రాక్టరు. తెల్లారేసరికి అందరి ఫోన్లకూ పూల బొమ్మలు పంపుతాడు, దారిలో కుక్క ఎదురైనా దండం పెడతాడు. వాడికి పోటీగా మా సన్యాసి. ఆ ఏడే మా ఆయన దొరసామి పోయాడు. అంతకు ముందు మా ఇంటి కొమ్ము ఆయనే వేసేవాడు. ఎవరికి వేశావయ్యా అంటే తువ్వాలు భుజాన వేసుకుని బయటికెళ్ళిపోయేవాడు, కాబట్టి నాకు అనుమానమే. ఈసారి ఇంటి పెద్దను నేను. మొదటిసారి నా చేత్తో మా తమ్ముడికి వేయబోతున్నాను.

పొద్దున్నే పెరట్లో ఒక కొమ్ము తవ్వి, కడిగి, కొంగున ముడేసుకుని బయలుదేరాను. కాలువ మీది చెక్క వంతెన దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. మొగుణ్ణి పోగొట్టుకున్నదాని పసుపు మంచి పనికి వెళుతుందా? అమ్మ ఉంటే వెళ్ళనిచ్చేదా? ఇది ఏ కమిటీ పెట్టిన నియమం కాదు. మగాళ్ళకు తెలియనే తెలియదు. మాలాంటివాళ్ళ కడుపులో ఎవరూ పెట్టకుండానే ఉండే భయం ఇది. వాడు ఎన్నిసార్లు ఓడాడో తలుచుకున్నాను. ఈసారి ఓడితే నా పసుపు వల్లే ఓడాడని బతికినంతకాలం నన్ను నేనే తినేస్తాను అనిపించింది.

వంతెన అవతల పైడయ్య మావ కోడలు యోగేశ్వరి బట్టలు ఆరేస్తోంది. పిలిచాను.

"ఒక కొమ్ము పెట్టవే, తల్లీ."

"ఏటత్తా, మీ పెరడు నిండా ఉంది గదా. ఎలకలు తినేసినాయేటి?"

"నా సేతిది ఆడికి అచ్చిరాదేమోనే. బొట్టు తీసేసినదాన్ని" అన్నాను.

ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. లావుపాటి కొమ్ము తవ్వి, కడిగి, రెండు చేతులతో ఇచ్చింది. "మా మావ పొద్దున్నే ఎల్లి కిశోర్ బిందెలో ఏసి వచ్చేసినాడత్తా. ఇది మీకిచ్చినట్టు ఆయనకి సెప్పన్లే" అని నవ్వింది.

ఆ కొమ్మునే సన్యాసి బిందెలో వేశాను. నాది వంతెన కింద కాలువలో పారేశాను.

అయినా వాడు ఓడిపోయాడు. కిశోర్‌కుమార్ పసుపు రోట్లోకి వెళ్ళింది. మా వాడి పసుపు గుప్పెడు కంటే కాస్త ఎక్కువ ఉంటుందేమో, తువ్వాలులో మూట కట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున దాలమ్మ ఫోను చేసింది. "వొదినా, ఒకసారి రావా? ఈయన రేతిరి నుంచి ఆ పసుపు ముందేసుకుని కూకున్నాడు. కూరలోకి ఒక ముక్క తియ్యనివ్వడం నేదు."

వెళ్ళాను. హాల్లో పేపరు పరిచి, దొరికిన దొంగసొత్తు పరిచినట్టు కొమ్ములన్నీ వరసగా పెట్టుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ గోటితో గీస్తాడు, వాసన చూస్తాడు, పక్కన పెడతాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. చేతిలో ఆ లావుపాటి కొమ్ము ఉంది.

"అప్పా, ఇది సూడు. ఎవురిదో సెప్పు."

అది యోగేశ్వరి ఇచ్చిన కొమ్మే.

"పైడయ్య మావది" అన్నాడు వాడే. "మావ నాకేసినాడప్పా. నాను సెప్పనేదని నమ్మినాడు. ఇన్నేళ్ళకి నమ్మినాడు." ఇంకా ఏదో అనబోయి ఏడ్చేశాడు. అమ్మ పోయినప్పుడు కూడా వాడు అలా ఏడవలేదు. ఒకపక్క ఏడుస్తూ ఒకపక్క నవ్వుతున్నాడు, ఆ పసుపును బుగ్గకు ఆనించుకున్నాడు. దాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పిచ్చివాడా, అది నేను వేసిందిరా, మావ కిశోర్‌కు వేశాడురా అని. ఆ ముఖం చూసి ఆ మాట ఎవరు చెప్పగలరు? సగం జీవితం ఎదురుచూసింది వాడికి ఆ కొమ్ములో దొరికింది.

వాడు కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. ముఖం మారిపోయింది, మళ్ళీ పోలీసైపోయాడు.

"మరి నీదేది?"

"ఏటి నాది?"

"నీ కొమ్ము. వంకర కొమ్ము. ఇందులో నేదు. రెండుసార్లు ఎతికినాను."

ఏం మాట్లాడతాను? నాది ఫలానా అంటే మావది పోతుంది.

"బావ పోయినప్పుడు కిశోర్‌కుమార్ వ్యాను పంపినాడు. పూలదండ ఏసినాడు. ఆ రునం ఎలా తీర్చుకోవాలా అని సూసినావు, నా ఓటుతో తీర్చుకున్నావు. అంతేనా?"

తల తీసేసినట్టయింది. "నోర్ముయ్ రా" అన్నాను.

"అయితే ఆర్పు." దేవుడి పటాల దగ్గరికి వెళ్ళి కర్పూరం తెచ్చాడు. స్టీలు పళ్ళెంలో వెలిగించి నా ముందు పెట్టాడు. "నాకే ఏసినానని సెప్పి ఆర్పు. నమ్మేస్తాను."

"మీకు మతి పోయినాదేటి?" అని దాలమ్మ అరిచింది. "పెంచిన అప్పని పట్టుకుని పెమాణం సెయ్యమంటారా?"

ఆర్పవచ్చు. నేను చెప్పబోయేది నిజమే గదా, అమ్మవారు నన్నేమీ చెయ్యదు. కానీ ఆర్పాక వాడు ఊరుకుంటాడా? ఏసినావు సరే, ఏ కొమ్ము, ఎక్కడిది, ఎవరిచ్చారు అని మొదలుపెడతాడు. సాయంత్రంలోగా యోగేశ్వరి దాకా వెళతాడు, కేసు తేలుస్తాడు, ఆ లావుపాటి కొమ్ము తెచ్చి పేపరు మీద పడేస్తాడు, మళ్ళీ మునుపటి మనిషైపోతాడు. అదొకటి. ఇంకొకటి కూడా ఉంది, దాస్తే ఏం లాభం. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు వాడు మా ఇంట్లో కర్పూరం ఆర్పినప్పుడు నేను అడిగానా? లోకమంతా వాణ్ణి దొంగను చూసినట్టు చూస్తుంటే నేను అన్నం పెట్టాను. వాడు నాకు పళ్ళెంలో నిప్పు పెట్టాడు.

"నాను ఆర్పనురా" అన్నాను.

"ఆర్పకపోతే అర్థమైపోయినట్టే."

"అలాగే అర్థం సేసుకో."

కర్పూరం దానంతటదే కాలిపోయింది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి స్టవ్ మీద గిన్నె పెట్టానో లేదో, కాలువ అవతల మోటారు సైకిలు ఆగిన చప్పుడు వినబడింది. సన్యాసి. చేతిలో లడ్డూల డబ్బా, జేబులోంచి బయటికి కనిపిస్తూ ఆ పసుపు కొమ్ము. నేరుగా పైడయ్య మావ వాకిట్లోకి నడిచాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మావ నోటి దురుసు మాకందరికీ తెలుసు. 'నీకెవడేసినాడురా' అని ఒక్క మాటంటే చాలు, మా వాడు అక్కడే కూలిపోతాడు. స్టవ్ ఆర్పి వంతెన మీదకు పరిగెత్తాను. గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది.

మావ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, మొలకు లుంగీ, కళ్ళు మాత్రం చురుకు. మా వాడు ఎదురుగా నిలబడి ఆ కొమ్మును రెండు చేతుల్లో పెట్టి చూపిస్తున్నాడు.

"మావా, నువ్వేసినావు. నాకిది సాలు. ఇంక నాకే పదవీ అక్కర్నేదు" అన్నాడు.

మావ ఆ కొమ్ము తీసుకున్నాడు. తిప్పి చూశాడు. వాసన చూశాడు. తన పెరటిదే, సందేహం లేదు. తను వేసింది కిశోర్ బిందెలో, అందులోనూ సందేహం లేదు. తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ యోగేశ్వరిని చూశాడు. ఆ పిల్ల నేలచూపులు చూసింది. తరువాత గేటు దగ్గర రొప్పుతున్న నన్ను చూశాడు. నా బోసి నుదురు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను చేతులు జోడించాను, ఎందుకో నాకే తెలియలేదు.

"కూకో" అన్నాడు మావ మా వాడితో. "యోగేశ్వరీ, టీ తే."

మా వాడు కూర్చున్నాడు. కూర్చున్నాక నన్ను చూశాడు. "నువ్వెందుకొచ్చినావు? ఏటి కనిపెడదామని?" అన్నాడు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఆ తరువాత రెండేళ్ళూ వాడు రోజూ సాయంత్రం మావ ఇంటికి టీకి వచ్చేవాడు. మోటారు సైకిలు కాలువ అవతలే ఆపేవాడు. మా ఇంటి వైపు తల తిప్పేవాడు కాదు. దీపావళికి దాలమ్మ ఒక్కతే మురుకులు పట్టుకుని వచ్చి, కూర్చోకుండానే వెళ్ళిపోయింది. మా వాడు ఊరుకున్నా బాగుండేది. టీ కొట్టులో, గుడిలో, పెళ్ళిళ్ళలో "బయటోళ్ళు నమ్మినారు, ఇంట్లోవాళ్ళే నమ్మనేదు" అనేవాడు. ఎవరా ఇంట్లోవాళ్ళు అని ఎవరూ అడగక్కర్లేదు గదా. గుడి వంటింట్లోకి నేను వెళితే కొబ్బరి తురిమే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయేవి. చాప మీద నా పక్కన చోటు ఖాళీగా ఉండేది. వాడు అన్నేళ్ళు మోసింది వాడి నెత్తి మీంచి దిగి నా నెత్తి మీదకు వచ్చింది. అది ఎంత బరువో అప్పుడు తెలిసింది. వాడి మీద జాలి వేసేది, ఆ వెంటనే కోపం వచ్చేది.

ఒకరోజు పైడయ్య మావ కర్ర పట్టుకుని వంతెన దాటి మా ఇంటికి వచ్చాడు. మా వాకిట్లో ఆయన అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో.

"ఆ కొమ్ము నువ్వేసినావని నాకు తెలుసమ్మీ" అన్నాడు. "మా కోడలు నోరిప్పనేదు. నీ మొగంలోనే సూసినాను. ఆడికి సెప్పీమంటావేటి?"

"వొద్దు మావా. సెప్తే ఆడు సచ్చిపోతాడు."

"మరి నువ్వో?"

మావ కాసేపు కర్రతో నేల గీశాడు. "నాను అప్పుడు ఏయనేదు. దినామూ వచ్చి నా పక్కన కూకుంటన్నాడు గదా, ఆడు సెప్పినోడు కాదని ఇప్పుడు తెలస్తంది. ఈసారి నానే ఏస్తాను. నలుగురి సేతా ఏయిస్తాను" అన్నాడు.

అన్నట్టే చేశాడు. ఈ ఏడు జాతర ముగిశాక ఎన్నిక వచ్చింది. పదవి అక్కర్లేదన్న మా వాడు మళ్ళీ నిలబడ్డాడు, ఆ పిచ్చి పోదు. మావ మాత్రం గుడి గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరితో "జైలుకెళ్ళినోణ్ణి నాను. నానే సెప్తన్నాను, సన్యాసికి ఏయండి" అన్నాడు. తోట ముఖం ఒక్కసారి మారిపోయింది. కిశోర్‌కుమార్ దండాలు ఎక్కువయ్యాయి, నవ్వు తగ్గింది.

నేను పెరట్లోకి వెళ్ళాను. చేతికొచ్చినవాటిలో బాగా వంకరగా, బాగా సన్నగా ఉన్నది ఏరి తీశాను. ఎవరు చూసినా కూర్మమ్మ ఇంటిదే అనాలి. అచ్చొస్తుందా రాదా అన్న భయం ఈసారి పక్కన పెట్టాను. వంతెన మీద ఆగలేదు. తెర వెనకకు వెళ్ళి సన్యాసి పేరున్న బిందె మూత తీసి, కొమ్ము వేసేటప్పుడు అమ్మవారికి ఒక మొక్కు కాదు, రెండు మొక్కుకున్నాను. వాడు గెలవాలమ్మా అని ఒకటి. వాడు ఓడిపోవాలమ్మా, ఆ మూట ఇంటికి పట్టుకెళ్ళి, విప్పి, ఇది చూడాలి అని ఇంకొకటి. రెండూ నిజంగానే మొక్కుకున్నాను.

కొద్ది తేడాతోనే అయినా వాడు గెలిచాడు. విధవ పసుపు పడ్డ బిందె గెలిచింది. అది మాత్రం నేను ఎవరికీ చెప్పకుండా లోపల్లోపల గట్టిగా నవ్వుకున్నాను.

మేళం మోగుతుండగా బిందె తెచ్చి రోట్లో వంపారు. పైడయ్య మావ లావుపాటి కొమ్ము దొర్లింది. కొట్లో కొన్న నున్నటివి గలగలా పడ్డాయి. వాటి మధ్య వంకర తిరిగిన నా కొమ్ము, రెప్పపాటు కనిపించింది. సన్యాసి అప్పుడు దండ వేయించుకుంటూ ఫొటోకు నిలబడి ఉన్నాడు. యోగేశ్వరి నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. ముత్తైదువలు రోకళ్ళు ఎత్తారు.

దంచడం సగంలో ఉండగా వాడు నా దగ్గరికి వచ్చాడు. రెండేళ్ళలో మొదటిసారి. మెడలో దండ, నుదుటిన విభూతి, కళ్ళలో నీళ్ళు. ఒక్క క్షణం నా చంకలో తిరిగిన సన్యాసే అనుకున్నాను. చెయ్యి ముందుకు చాచబోయాను. వాడు నా చేతిని చూశాడు, వేళ్ళ సందుల్లో పసుపు మరక ఉందేమోనని చూశాడు.

"అప్పా" అన్నాడు గొంతు తగ్గించి. "నాను గెలిసినాను గదా, ఇంక కోపం నేదు. ఈసారైనా నిజం సెప్పు. ఏసినావా, నేదా?"

"రోట్లో ఉందిరా" అన్నాను. "ఏరుకో."

వాడు వెళ్ళి నిజంగానే వంగి రోట్లోకి చూశాడు. అప్పటికి అంతా ముద్దయిపోయింది.